బల్లార్షా ఎండలో వేపర్ చాంబర్

మా ఊరు బల్లార్షా. సర్కారు కాగితాల మీద బల్లార్‌పూర్ అని ఉంటుంది గాని, రైలు ఎక్కేవాళ్ళకూ దిగేవాళ్ళకూ ఇది బల్లార్షాయే. చంద్రపూర్ జిల్లాలో, వార్ధా నది ఒడ్డున ఉన్న ఈ ఊరికి బొగ్గు గనులనూ కాగితపు మిల్లునూ నమ్ముకొని అటు తెలంగాణ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మాదీ వాటిలో ఒకటి. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, ఫోనులో హిందీ మాట్లాడుతూ పెరిగినవాణ్ణి. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేయడం నా వృత్తి. పెళ్ళిళ్ళు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లోనే జరుగుతాయి, మా జిల్లాలో ఎండ 45 డిగ్రీలు దాటేదీ ఆ నెలల్లోనే. అంటే నా కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు ఏడాది మొత్తంలో అత్యధికంగా పనిచేయవలసిన రోజులూ, అది పనిచేయడానికి ఏమాత్రం అనువు కాని రోజులూ ఒక్కటే.

నిరుడు ఆ కార్డు నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, లోపల వేపర్ చాంబర్ (చిప్ వేడిని ఆవిరితో పరిచే, కొద్దిపాటి నీరు పోసి మూసిన పలుచని రాగి పెట్టె) ఉన్న రకం. రెండు నెలలు చక్కగా నడిచి, తరువాత రెండరింగ్, అంటే ఎడిట్ చేసిన వీడియోను చివరి ఫైలుగా తయారుచేసే పని, మొదలుపెట్టిన నిమిషంలోనే వేగం సగానికి పడిపోవడం మొదలైంది. చిప్ సగటు ఉష్ణోగ్రత 72 డిగ్రీలు చూపిస్తుండగా, చిప్‌లో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటును చూపే హాట్‌స్పాట్ అంకె 107 దగ్గర నిలిచి ఉండేది. ఈ రెండింటి మధ్య పది పదిహేను డిగ్రీల తేడా ఉండడం మామూలే గాని, ముప్పై అయిదు మామూలు కాదు. థర్మల్ పేస్ట్ మార్చాను, ఫ్యాన్లు తుడిచాను, మరలు సమంగా బిగించాను. ఏదీ పనిచేయలేదు. చివరికి క్యాబినెట్ తలుపు తీసి, కార్డు వేడిని గాలికి వదిలే పలుచని లోహపు రెక్కలను వేలితో తాకి చూస్తే, చిప్ పైనున్న భాగం చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది, ఆ చివరన నాలుగు వేళ్ళ మేర గది గాలి ఎంత వెచ్చగా ఉందో అంతే ఉంది. ఆ చివరకు వేడి చేరడమే లేదు.

ఎందుకు చేరడం లేదో తెలియాలంటే మామూలుగా ఎలా చేరుతుందో ముందు తెలియాలి. గ్రాఫిక్స్ కార్డులో వేడి సమస్య వేడి ఎంత అన్నదాని కన్నా, అది ఎంత చిన్న చోట పుడుతున్నదన్నది. ఇస్త్రీపెట్టె 1000 వాట్లు తీసుకుంటుంది, కాని ఆ వేడి సుమారు 200 చదరపు సెంటీమీటర్ల రేకు మీద పరచుకొని ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు 5 వాట్లు. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4090 కార్డు 450 వాట్లే తీసుకుంటుంది గాని, దాని చిప్ వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ. ఆ వేడిలో కొంత మెమరీ నుంచీ కరెంటు సర్దుబాటు భాగాల నుంచీ వస్తుందని తీసివేసి, మూడొంతులు మాత్రమే చిప్‌దని లెక్కవేసినా చదరపు సెంటీమీటరుకు 50 వాట్లు దాటుతుంది. బట్టను మాడ్చే పెట్టెకు పదింతలన్న మాట. ఆ వేడిని చిప్ మీది నుంచి వెంటనే లాగివేసి, వీలైనంత ఎక్కువ అల్యూమినియం రెక్కలకు సమంగా పంచగలిగితే, ఆ తరువాత గాలి విసరడం ఫ్యాన్ల పని.

ఆ పంచే పనికి మందపాటి రాగి దిమ్మె చాలదా అంటే, కొంతవరకే చాలుతుంది. రాగి వేడిని బాగా మోస్తుంది. దాని ఉష్ణవాహకత సుమారు 400 అయితే అల్యూమినియానిది 237. కాని గట్టి లోహంలో వేడి ముందుకు సాగాలంటే ఒక కొస వేడిగా, మరో కొస చల్లగా ఉండి తీరాలి. దూరం పెరిగేకొద్దీ ఆ తేడా కూడా పెరుగుతుంది. చిప్‌కు నేరుగా ఎదురుగా ఉన్న రెక్కలు అలసిపోతుంటే మూలనున్న రెక్కలు ఖాళీగా కూర్చుంటాయి. దిమ్మె మందం పెంచితే బరువు పెరిగి, కార్డు తన బరువుకు తానే వంగిపోతుంది.

ఇక్కడే ఆవిరి పనికి వస్తుంది. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు ఆవిరి చేతికి తగిలినవాళ్ళకు తెలుసు, మరిగే నీళ్ళ చుక్క పడిన దాని కన్నా అది ఎంత ఘోరంగా కాలుస్తుందో. ఆవిరి చర్మం మీద మళ్ళీ నీరుగా మారుతూ, తాను ఆవిరి కావడానికి మింగిన వేడినంతా అక్కడ కక్కివేస్తుంది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.18 జౌళ్ళు చాలు. అదే ఒక గ్రాము నీటిని 60 డిగ్రీల దగ్గర ఆవిరిగా మార్చాలంటే దాదాపు 2,360 జౌళ్ళు కావాలి. 300 వాట్ల, అంటే సెకనుకు 300 జౌళ్ళ వేడి పుట్టే చిప్ మీద సెకనుకు గ్రాములో ఎనిమిదో వంతు నీరు ఆవిరైపోతే, ఆ వేడి మొత్తం దానితో పాటు వెళ్ళిపోతుంది. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసుకున్నప్పుడు ఎక్కడో దశాంశ బిందువు తప్పు పెట్టానేమోనని మరో రెండుసార్లు వేసి చూసుకున్నాను.

వేపర్ చాంబర్ అంటే ఆ పనిని మూసిన పెట్టెలో జరిపించే ఏర్పాటు. రెండు పలుచని రాగి రేకులను అంచుల చుట్టూ అతికి, నడుమ మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంచుతారు. మొత్తం మందం మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటదు. లోపలి గాలినంతా లాగివేసి, కొద్దిపాటి శుద్ధమైన నీరు పోసి, పోసిన సన్నని గొట్టాన్ని నొక్కి మూసివేస్తారు. గాలి లేదు కనుక లోపల నీరు, నీటి ఆవిరి తప్ప వేరేదేమీ ఉండదు. అందువల్ల ఆ నీరు మరగడానికి 100 డిగ్రీల దాకా ఆగవలసిన అవసరం లేదు. కొండల మీద నీరు త్వరగా మరిగినట్లే, ఒత్తిడి తగ్గినకొద్దీ మరిగే ఉష్ణోగ్రతా తగ్గుతుంది. 60 డిగ్రీల దగ్గర లోపలి ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో అయిదో వంతు మాత్రమే. చిప్ వైపు రేకు కాస్త వేడెక్కగానే అక్కడి నీరు ఆవిరై, చల్లగా ఉన్న ప్రతి మూలకూ పరుగెత్తుతుంది. రెక్కలు అతికి ఉన్న రేకును తాకి నీరుగా మారుతుంది, మోసుకొచ్చిన వేడిని అక్కడ దింపుతుంది. ఏ మూల చల్లగా ఉంటే ఆవిరి అటే ఎక్కువగా పోతుంది గనుక రేకు మొత్తం దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో ఉంటుంది. రాగి దిమ్మెకు చేతకాని పని ఇదే.

సరే, ఆవిరి వెళ్ళింది; మూలల్లో చేరిన నీరు చిప్ దగ్గరకు తిరిగి ఎలా రావాలి? పంపు లేదు, మోటారు లేదు. మామూలు క్యాబినెట్‌లో కార్డు చిప్ నేల వైపు చూస్తూ పడుకొని ఉంటుంది కనుక, నీరు కింది రేకు నుంచి పై రేకుకు ఎక్కవలసి కూడా ఉంటుంది. ఈ పనిని వత్తి చేస్తుంది. ప్రమిదలోని నూనెను వత్తి పైకి లాగినట్లే, రేకుల లోపలి గోడలకు అతికించిన సన్నని రాగి పొడి పొర నీటిని లాగుతుంది. ఆ పొడిని కరగనీయకుండా, ఒకదానికొకటి అంటుకునేంత వరకే కాల్చి గట్టిపరుస్తారు. రేణువుల మధ్య మిగిలిన సందులే నీటికి దారులు. చిప్ ఎదుట నీరు ఆవిరై పొర ఆరుతున్నకొద్దీ, పక్కన తడిగా ఉన్న చోటు నుంచి నీరు అటు జరుగుతూ ఉంటుంది. కొన్ని రకాల్లో పొడికి బదులు రాగి తీగల జాలీ పరుస్తారు.

లోపల గాలి లేకపోవడం వల్ల ఇంకో చిక్కు ఉంది. పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చాంబర్‌నే తీసుకుంటే, బయటి గాలి దాని ఒక్కొక్క ముఖాన్ని దాదాపు 100 కిలోల బరువుతో నొక్కుతూ ఉంటుంది. రెండు బియ్యపు బస్తాలు ఎత్తి పెట్టినట్లు. పలుచని రేకు వెంటనే అప్పడంలా అణిగిపోవాలి. అందుకే లోపల వరుసలుగా చిన్న చిన్న రాగి స్తంభాలు నిలబెడతారు. వాటికి కూడా పొడి పూసి ఉంచితే కింది రేకు నీరు పై రేకుకు ఎక్కడానికి అవే నిచ్చెనలవుతాయి.

ఈ ఆలోచన కంప్యూటర్లవాళ్ళది కాదు. జనరల్ మోటార్స్‌లో పనిచేసిన రిచర్డ్ గాగ్లర్‌కు వత్తితో నీటిని తిరిగి రప్పించే గొట్టం మీద 1944లో పేటెంట్ వచ్చింది, కాని దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ అదే సంగతిని సొంతంగా కనిపెట్టి దానికి హీట్ పైప్ అని పేరు పెట్టాడు; అంతరిక్షంలో వాడదలచిన అణు యంత్రాల వేడి కోసం వెతుకుతూ అక్కడికి చేరాడు. వేపర్ చాంబర్ ఆ గొట్టాన్ని రొట్టెలా ఒత్తిన రూపం. గ్రాఫిక్స్ కార్డుల్లో 2009 నాటి రేడియాన్ హెచ్‌డీ 5970లో ఇది ఉంది. 2010లో వచ్చిన జీటీఎక్స్ 480 వేడికీ రొదకూ అపకీర్తి మూటగట్టుకున్న తరువాత, అదే ఏడాది నవంబరులో ఎన్‌విడియా విడుదల చేసిన జీటీఎక్స్ 580లో హీట్ పైపుల స్థానంలో వేపర్ చాంబర్ వచ్చింది. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090 ఫౌండర్స్ ఎడిషన్ 575 వాట్లు తీసుకుంటూ కూడా రెండు స్లాట్ల మందంలోనే ఇమిడిందంటే, అందులో వేపర్ చాంబర్ పాత్ర చాలా ఉంది.

ఇప్పుడు నా కార్డు దగ్గరకు వస్తాను. మా బాపు చంద్రపూర్ థర్మల్ స్టేషన్‌లో టర్బైన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. కంప్యూటర్ అంటే ఆయనకు పెద్దగా తెలియదు. నేను వంటింటి గట్టు మీద కూలింగ్ రెక్కలను విడదీసి పెట్టుకొని, లోపల ఆవిరి ఎలా తిరుగుతుందో ఆయనకు చెప్తుంటే, సగంలోనే ఆపి, "ఇది మా కండెన్సరే గదరా" అన్నాడు. నిజమే. టర్బైన్‌ను తిప్పి వచ్చిన ఆవిరిని అక్కడ కండెన్సర్‌లో, గాలి తీసేసిన చోటనే, 45 డిగ్రీల దాపున నీరుగా మార్చి మళ్ళీ బాయిలర్‌కు పంపుతారు. అక్కడ పంపు ఉన్నచోట ఇక్కడ వత్తి ఉంది, అంతే తేడా. ఒక చివర చల్లగా ఉంటోందని చెప్పగానే ఆయన ఏమాత్రం తడుముకోకుండా, "లోపటికి గాలి సొచ్చింది గావచ్చు. వాక్యూమ్ పోయుంటది. గాలి నీళ్ళు గాదు గదా, ఆవిరి దాన్ని ఓ మూలకు నూకేస్తది, ఆ మూల పనికిరాకుండ పోతది" అన్నాడు. నేను నెల రోజుల పాటు వెతికిన జవాబు ఆయనకు ఉద్యోగంలో రోజూ ఎదురైన తలనొప్పి. కండెన్సర్‌లో చేరిన గాలిని లాగివేయడానికి అక్కడ వేరే యంత్రమే ఉంటుందట. మూడు మిల్లీమీటర్ల రేకులో అటువంటిది పెట్టలేరు కనుక, ఫ్యాక్టరీలో ఒకసారి మూసినది చివరిదాకా మూసే ఉండాలి.

గాలి బయటి నుంచే రావాలని లేదు. నీరు అల్యూమినియంతో కలిస్తే హైడ్రోజన్ పుడుతుంది. అది కూడా నీరుగా మారని వాయువే. అల్యూమినియం తేలికా చవకా అయినా, నీరు పోసిన చాంబర్ లోపలి వైపు రాగితోనే చేయడానికి ఇదొక ముఖ్య కారణం.

బాపు మాట నిజమో కాదో చూడాలనిపించింది. చంద్రపూర్‌లో కంప్యూటర్లు బాగుచేసే మిత్రుడి దగ్గర, చిప్ కాలిపోయినా కూలింగ్ భాగం బాగున్న మరో కార్డు ఉంది. మైనింగ్ నుంచి వచ్చిన కార్డు అన్నాడు. మా ఊళ్ళో మైనింగ్ అంటే బొగ్గే కనుక అది క్రిప్టో మైనింగ్ అని అర్థం కావడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి, నొక్కి మూసిన గొట్టాల కొనలను కటింగ్ ప్లయర్‌తో తుంచాను. మిత్రుడు ఇచ్చినది తుంచగానే, చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినిపించనంత సన్నగా ఉస్సుమంటూ గాలి లోపలికి పోయింది. నాది తుంచితే ఏ చప్పుడూ లేదు. మొదటిదాన్ని పక్కింటి కంసాలి త్రాసు మీద తూచి, రొట్టెలు కాల్చే పెనం మీద పెట్టి సన్నని మంట మీద వేడి చేస్తే, కాసేపటికి ఆ గొట్టపు కొన నుంచి దారం లాంటి ఆవిరి ఒకటి లేచింది. ఆవిరి ఆగిపోయి రేకు చల్లారిన తరువాత మళ్ళీ తూస్తే రెండు గ్రాముల చిల్లర తగ్గింది. అంతే నీరు! అరచెంచా కూడా కాదు. 300 వాట్ల మీద నడిచేటప్పుడు ఆ నీరంతా ఇరవై సెకన్లలోపే ఒకసారి ఆవిరై తిరిగి వస్తుందన్న మాట. నా కార్డుది పెనం మీద ఎంత సేపు ఉంచినా ఆవిరి రాలేదు. హాక్సా బ్లేడుతో కోసి తెరిస్తే, బాగున్నదాని లోపల పొర తడి ఇసుక ఆరినట్లు లేత ఎరుపులో ఉంది. నా దాంట్లో ఒక అంచు వెంబడి నల్లబడి, అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక కనిపించింది. బాపు కళ్ళజోడు పైకి నెట్టుకొని, గోటితో ఆ పొరను గీకి చూసి, "ఫీడ్ పంపు ఇదేనా" అన్నాడు.

ఇది నా ఒక్కడి దురదృష్టం కాదని చెప్పడానికి లోకమంతా తెలిసిన ఉదంతం ఒకటుంది. 2022 డిసెంబరులో ఏఎండీ విడుదల చేసిన రేడియాన్ ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్ సొంత డిజైన్ కార్డులు కొన్నింటిలో హాట్‌స్పాట్ 110 డిగ్రీలకు చేరి వేగం పడిపోసాగింది. కార్డును పడుకోబెట్టి అమర్చితే ఒక తీరుగా, నిలబెడితే మరో తీరుగా అంకెలు రావడంతో లోపం చాంబర్‌లోనే ఉందని పరీక్షించినవాళ్ళకు అర్థమైంది. కొన్ని చాంబర్లలో నీరు తగినంత పోయలేదని 2023 జనవరిలో కంపెనీయే ఒప్పుకొని కార్డులు మార్చి ఇచ్చింది. నీరు చాలకపోతే చిప్ ఎదుటి వత్తి ఆరిపోతుంది. ఆరిన వత్తి దగ్గర ఆవిరి పుట్టదు, అక్కడ మిగిలేది పలుచని రాగి రేకు మాత్రమే. అమాంతం వేడి ఎగబాకుతుంది. నీరు సరిగ్గా ఉన్నా, వత్తి తెచ్చి అందించగలిగిన దానికన్నా వేగంగా చిప్ ఆవిరి చేస్తుంటే ఇదే జరుగుతుంది కనుక, ప్రతి చాంబర్‌కూ దాటకూడని వాట్ల హద్దు ఒకటి ఉంటుంది.

ఇంత చెప్పిన తరువాత వేపర్ చాంబర్ ఉన్న కార్డే కొనమంటానని అనుకోవద్దు. 200 వాట్ల లోపు కార్డుకు అది ఆడంబరమే. నాలుగు హీట్ పైపులు ఆ పనిని చక్కగా చేస్తాయి. హీట్ పైపు వేడిని ఒక దారి వెంబడి దూరం తీసుకువెళ్తుంది, చాంబర్ నలువైపులా పరుస్తుంది. పెద్ద కార్డుల్లో చాంబర్‌కు పైపులను అతికి రెండింటినీ కలిపి వాడడం కూడా ఉంది. అట్టపెట్టె మీద ఆ పేరు ముద్రించి ఉండడం కన్నా, దాని వెనుక రెక్కలు ఎంత ఉన్నాయి, ఫ్యాన్లు ఎంత పెద్దవి అన్నదే నేను ముందు చూస్తాను.

ఎందుకంటే వేపర్ చాంబర్ వేడిని మాయం చేయదు, పరుస్తుంది. పరచిన వేడిని చివరకు మోసుకుపోవలసింది గది గాలే. గది 30 డిగ్రీలున్నప్పుడు 75 దగ్గర నిలిచే కార్డు, గది 42కు చేరితే 87కు చేరుతుంది. చాంబర్ ఎంత మంచిదైనా ఆ పన్నెండు డిగ్రీలూ వచ్చి నెత్తిన పడతాయి. ఈ సంగతి తెలియక మా వీధిలో ఒకతను నన్ను, "చాంబర్‌లో నీళ్ళున్నాయి కదన్నా, మన కూలర్‌లాగే చల్లబరుస్తుంది కదా" అని అడిగాడు. కూలర్ గడ్డి మీది నీరు ఆవిరైతే ఆ వేడి ఆవిరితో పాటు కిటికీ దాటి పోతుంది, తొట్టిలో నీరు తగ్గుతుంది, మళ్ళీ పోయాలి. రంజన్ కుండలో నీరు చల్లబడేదీ ఇలాగే. చాంబర్‌లో ఆవిరికి బయటకు దారి లేదు. తీసుకున్న వేడిని మూడు మిల్లీమీటర్ల అవతల దించవలసిందే.

కొత్త కార్డు కొన్నాక ఈ మే నెలలో నేను చేసిన పనులు మూడే. కార్డు తీసుకునే కరెంటును సాఫ్ట్‌వేర్‌లో 75 శాతానికి కట్టివేశాను. చివరి కొద్దిపాటి వేగం కోసమే చిప్ వోల్టేజీని బాగా పెంచుకుంటుంది, వేడి వోల్టేజీ వర్గం మేరకు పెరుగుతుంది, అందువల్ల కరెంటులో నాలుగో వంతు తగ్గించినా రెండరింగ్ సమయం అంతగా పెరగలేదు. పెద్ద ఫైళ్ళను రాత్రి పది దాటాక మొదలుపెట్టాను. కూలర్ గాలి నేరుగా క్యాబినెట్‌కు తగలకుండా, గదిని మాత్రం చల్లబరిచేలా తిప్పి పెట్టాను. జూన్ చివర వానలు పట్టుకుని, గాలిలో తేమ నిండి, కూలర్ ఎంత తిరిగినా ఒళ్ళు జిగటగా అవడం తప్ప ఫలం లేని రోజులు వచ్చాయి. బాపు దాని గడ్డి పీకి ఎండకు వేయడానికి ఎండ కోసం చూస్తున్నాడు. గది 31 డిగ్రీల దగ్గర ఉంది, కార్డు 66 దగ్గర, హాట్‌స్పాట్ 78 దగ్గర నిలిచి ఉన్నాయి.